ఏటి ఒడ్డున చెట్టు కొట్టాలంటే: ముందు నేల ఎవరిదో, తర్వాత వేరు ఏం చేయాలో

మా పెదనాన్నగారి రేవు పక్కన పెద్ద నిద్రగన్నేరు ఉండేది. గోదావరి వైనతేయ పాయలోకి సగం వంగి, కింద నాలుగు పడవలు కట్టుకునేంత నీడ ఇచ్చేది. ఓ కొమ్మ విరిగి పశువుల పాక మీద పడిందని ఆయన దాన్ని గుత్తకి ఇచ్చేశారు. కొన్నవాడు మాను కోసుకుపోవడంతో ఆగలేదు. మొదలు బరువు తూగుతుందని వేళ్లతో సహా తవ్వి తీశాడు. గేదె కూర్చుంటే వీపు కనబడనంత గొయ్యి మిగిలింది. అందులోకి ఎండుమట్టలు, ఇసుక తోసి పైన చదును చేశారు. తర్వాతి ఏడాది, 2022 జూలైలో, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. నీళ్లు తీసేసరికి ఆ గొయ్యి ఉన్నచోటు నుంచి ఒడ్డు అర్ధచంద్రాకారంలో జారిపోయి ఉంది. దాంతోపాటు కాపు మీదున్న ఐదు కొబ్బరి చెట్లు కూడా పోయాయి.

అప్పటి నుంచి ఏటి ఒడ్డున, కాలువ గట్టున చెట్టు తీయాలని ఎవరు అడిగినా నేను రెండు ప్రశ్నలు వేస్తాను. చెట్టు కింద నేల ఎవరిది? వేరు ఏం చేయబోతున్నారు? మొదటిదానికి జవాబు తెలిస్తే ఏ ఆఫీసుకి వెళ్ళాలో తెలుస్తుంది. రెండోదానికి జవాబు సరిగా ఉంటే ఒడ్డు నిలుస్తుంది. ఈ రెండూ తేలేదాకా గొడ్డలివాడికి బయానా ఇవ్వకండి.

నేల ఎవరిదో తేల్చుకోండి

మన డెల్టాలో ఇదే పెద్ద చిక్కు. చెట్టు మా తాత నాటాడు, నీళ్లు మేమే పోశాం, కాయలు మేమే కోసుకుంటున్నాం, కాబట్టి మాదే అనుకుంటాం. ఆ చెట్టు గట్టు మీద ఉంటే అది మీది కాదు. ఏటిగట్టు, కాలువ గట్టు, మురుగు కాలువ గట్టు నీటి వనరుల శాఖవి. పుంత, పోరంబోకు రెవెన్యూ, పంచాయతీల కిందికి వస్తాయి. రోడ్డు పక్కది రోడ్ల శాఖదో పంచాయతీదో అయి ఉంటుంది.

కాబట్టి ముందు గ్రామ సచివాలయానికి వెళ్ళి మీ సర్వే నంబరుకి అడంగల్, 1బి అనే భూమి రికార్డులు తీయించుకోండి. మీభూమి సైటులో కూడా దొరుకుతాయి. అవి చాలవు. ఒడ్డు భూమికి ఎఫ్‌ఎంబి స్కెచ్, అంటే సర్వే కొలతల పటం, తప్పకుండా కావాలి. హద్దు రాయి ఎక్కడుందో, గట్టు కింది అంచు ఎక్కడ మొదలవుతుందో అందులోనే తెలుస్తుంది. సర్వేయర్‌ని తీసుకొచ్చి గొలుసు వేయించి, చెట్టు మాను హద్దుకి ఇవతల ఉందో అవతల ఉందో కొలిపించండి. మాను హద్దు మీదే ఉంటే పక్క రైతు సంతకం కూడా తీసుకోవాలి.

లంక భూముల సంగతి వేరు. లంకల్లో పట్టా భూమి ఉంది, ప్రభుత్వం పేదలకి ఇచ్చిన డి పట్టా ఉంది, ప్రభుత్వం కౌలుకిచ్చిన లంక ఉంది. ఏరు కోసేసిన పట్టా భూమి ఉంది, కొత్తగా మేట వేసిన దిబ్బ కూడా ఉంది. మేట మీద మొలిచిన తుమ్మ, జిల్లేడు ఎవరివీ కావని కొట్టేస్తుంటారు. నదీగర్భంలో ఉన్నదంతా ప్రభుత్వానిదే. గోదావరి లాంటి నదుల హద్దుల్లో చెట్లు నాటడానికీ, తీయడానికీ కూడా అనుమతి కావాలని చెప్పే నదీ సంరక్షణ చట్టం 1884 నుంచీ ఉంది. ఆ అధికారం ధవళేశ్వరం హెడ్‌వర్క్స్ ఇంజనీర్ల చేతిలో ఉంటుంది. మీ భూమి ఏటిగట్టుకి లోపల, అంటే ఏటి వైపు ఉంటే, పట్టా ఉన్నా సరే వాళ్ళకి ఒక అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి.

యానాంలో ఉన్నవాళ్ళకి ఒక మాట. గౌతమి ఒడ్డునే ఉన్నా యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది. ఆంధ్ర చట్టాల గురించి నేను కింద రాసేవి మీకు వర్తించవు. అక్కడి పరిపాలనాధికారి కార్యాలయంలో అడగండి. సముద్రతీర నియమాలు మాత్రం కేంద్రానివి కాబట్టి అందరికీ ఒకటే.

అన్నదమ్ముల మధ్య పంపకం కాని భూమైతే అందరి సంతకాలూ ముందే తీసుకోండి. కౌలు రైతుకి చెట్టు కొట్టే హక్కు ఉండదు, కాగితంలో రాసి ఉంటే తప్ప.

నీళ్లు ఉప్పువా, తీపివా?

రెండో పని ఇది. డెల్టాలో పై ఊళ్ళకీ, కింది ఊళ్ళకీ నియమాలు ఒకటి కావు. సముద్రపు పోటు ఎంతవరకు వస్తుందో అంతవరకూ తీరప్రాంత నియంత్రణ మండలం, అందరూ సీఆర్‌జెడ్ అనేది, ఏటి వెంట లోపలికి వస్తుంది. పోటు హద్దుని కంటితో చూసి తేల్చరు. ఏడాదిలో బాగా ఎండిన కాలంలో నీటి ఉప్పదనం కొలిచి, వెయ్యికి 5 పాళ్లు ఉన్నంత మేరా పోటు కిందే లెక్క వేస్తారు. ఓడలరేవు, అంతర్వేది, భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

2011 నోటిఫికేషన్ ప్రకారం అలాంటి పాయల ఒడ్డున 100 మీటర్లు, లేదా పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది, ఈ మండలం కిందికి వస్తుంది. 2019 జనవరి నోటిఫికేషన్ దాన్ని 50 మీటర్లకి తగ్గించింది. మీ ఊరి మ్యాపు ఏ నోటిఫికేషన్ ప్రకారం ఆమోదమైందో అడిగి తెలుసుకోవాలి. ఆ మ్యాపులు రాష్ట్ర కోస్టల్ జోన్ మేనేజ్‌మెంట్ అథారిటీ దగ్గర ఉంటాయి. మీ సర్వే నంబరు ఏ రంగులో పడిందో అందులో చూడండి. ఇల్లో, రిసార్టో, రొయ్యల చెరువో కట్టడానికే మీరు చెట్లు తీస్తుంటే, చెట్టుకి అనుమతి వచ్చినా కట్టడానికి రాకపోవచ్చు. ముందు కట్టడం సంగతి తేల్చుకోండి. చెట్లు పోయి, కట్టడం ఆగిపోయి, ఖాళీ నేల కోతకి గురవుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇక మడ చెట్లు. వీటి గురించి ఒక్కటే చెబుతాను: వాటి మీద చెయ్యి వేయకండి. తెల్లమడ, నల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల, ఏదైనా సరే. మడ అడవి అత్యంత సున్నితమైన సీఆర్‌జెడ్-1ఏ కిందికి వస్తుంది. 1000 చదరపు మీటర్లు మించిన మడ ఉంటే దాని చుట్టూ 50 మీటర్ల నేల కూడా రక్షణలో ఉంటుంది. మీ చెరువు గట్టు పక్కనే, మీ పట్టాలోనే మొలిచిందని చెప్పినా ఆ మాట నిలవదు. కోరింగ అభయారణ్యం 1978 నుంచి ఉంది, దాని చుట్టుపక్కల వాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ తీసిన వ్యవహారం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ప్రభుత్వ పని అయినా వదల్లేదు. తిల్ల చెట్టుకైతే ఇంకో ప్రమాదం ఉంది. దాని పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. తెలియక కత్తి వేసిన కూలీలే ముందు బలవుతారు.

చెట్టు నిజంగా పోవాల్సిందేనా చూడండి

చెట్టు పోవాలనుకున్నవాళ్ళలో సగం మందికి నిజానికి కావాల్సింది ఒక కొమ్మ పోవడమే. పాక మీదికి వాలిన కొమ్మ, కరెంటు తీగకి తగిలే కొమ్మ, పడవకి అడ్డం వచ్చే కొమ్మ. వాటిని తీయించి బరువు ఏటి వైపు నుంచి తగ్గిస్తే చెట్టు ఇంకో ముప్పై ఏళ్ళు ఒడ్డుని పట్టుకుంటుంది. పెద్ద కొమ్మలకీ అనుమతి అడగాలి, అది గుర్తుంచుకోండి.

కొబ్బరి అయితే ముందు దింపు తీసే మనిషిని ఎక్కించి చూపించండి. మొవ్వు కుళ్ళిందా, కొమ్ము పురుగు తిన్నదా, ఎర్రముక్కు పురుగు మానులో ఉందా అన్నది వాళ్ళు మొవ్వు దగ్గర వాసన చూసి చెప్పేస్తారు. మా ఊరి దింపు బాబాయ్ ఒకాయన మానుకి చెవి ఆనించి వినేవాడు. "లోపల నములుతోందండి, ఇక ఇది ఉండదు" అనేవాడు. ఆయన కొట్టించమన్న చెట్టుని చీల్చి చూస్తే లోపల చెరకు పిప్పిలా ఉండేది. అనుమానం ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో చూపించండి. పురుగు పట్టిన చెట్టు కొట్టాక మానుని తోటలో వదలకుండా చీల్చి కాల్చేయాలి. వదిలితే అందులోని పురుగు పక్క చెట్లకి వెళుతుంది.

కొట్టే ముందు తల పైకెత్తి గూళ్ళు ఉన్నాయేమో చూడండి. కొంగలు వానాకాలంలో పెడతాయి, గరుడపక్షి చలికాలం నుంచి ఎండాకాలం మొదలుదాకా పెడుతుంది. గుడ్లు, పిల్లలు ఉన్న గూటిని పాడుచేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఒక రెండు నెలలు ఆగితే పిల్లలు ఎగిరిపోతాయి.

అనుమతి అడిగే పద్ధతి

సొంత పట్టా భూమిలోని చెట్టుకి వర్తించేది వాల్టా చట్టం, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. దాని ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. అర్జీ అటవీ శాఖకి వెళుతుంది. మీ ప్రాంతపు రేంజ్ ఆఫీసులో అడిగితే దారి చెబుతారు. సొంతంగా పెంచిన సరుగుడు, జామాయిలు, సుబాబుల్, తోట కొబ్బరి లాంటివాటికి మినహాయింపులు ఉన్నాయి. అయితే "మినహాయింపు ఉందట" అని నోటి మాట విని లారీ ఎక్కించకండి. మీ చెట్టు ఆ జాబితాలో ఉందని రేంజ్ ఆఫీసులో చూసుకుని, వీలైతే రాయించుకుని రండి.

అర్జీలో ఇవి ఉండాలి: సర్వే నంబరు, చెట్టు పేరు, రొమ్మెత్తు దగ్గర మాను చుట్టుకొలత, ఎందుకు తీస్తున్నారో రెండు వాక్యాల్లో, నాలుగు వైపుల నుంచి ఫోటోలు. అడంగల్, 1బి, స్కెచ్ నకళ్ళు జత చేయండి. ఫోటోల్లో ఏరు లేదా కాలువ కనబడాలి. దాచి తీసిన ఫోటో తనిఖీ రోజున మీకే ఇబ్బంది తెస్తుంది. ఫీజు చలానా కట్టాక రసీదు, అర్జీ నంబరు భద్రంగా ఉంచుకోండి. తనిఖీకి వచ్చిన రోజు మీరు అక్కడే ఉండి హద్దు రాయి చూపించండి. నరికిన చెట్టుకి బదులు మొక్కలు నాటాలన్న షరతు పెడతారు. ఎన్ని, ఎప్పటిలోగా అన్నది ఆర్డరులో చదివి గుర్తుపెట్టుకోండి.

గట్టు మీది చెట్టుకి మీరు అనుమతి అడగలేరు. తీసేయమని అర్జీ మాత్రం పెట్టుకోవచ్చు. నీటి వనరుల శాఖ సెక్షన్ ఆఫీసులో ఏఈగారికి, అంటే అసిస్టెంట్ ఇంజనీరుకి ఇవ్వండి. వాళ్ళు అటవీ శాఖతో విలువ కట్టించి, వేలం వేసి తీయిస్తారు. ఆలస్యం అవుతుంది, నిజమే. అయినా సొంతంగా కొట్టేస్తే కలప పోతుంది, జరిమానా పడుతుంది. గట్టుకి ఏమైనా అయితే ఆ నింద కూడా మీ మీదే పడుతుంది.

తాడి, ఈత చెట్లయితే ఎక్సైజ్ శాఖ వాళ్ళనీ, గీసే వాళ్ళనీ కూడా అడగండి. ఒక గీత కుటుంబం ఆ చెట్టు మీద బతుకుతూ ఉండొచ్చు.

గాలివానకి చెట్టు ఇంటి మీదికి ఒరిగిపోతే కాగితాల కోసం కూర్చోలేరు. ముందు మనుషుల్ని బయటికి తీసుకురండి. తీగలు తగిలి ఉంటే 1912కి, ప్రాణాపాయం ఉంటే 112కి ఫోన్ చేయండి. ఫోటోలు, వీడియో తీసి, వీఆర్వోకి వెంటనే మెసేజ్ పెట్టి, నీళ్లు తీశాక పంచనామా రాయించుకోండి. 1996 నవంబరు తుపాను తర్వాత కోనసీమలో తోటలకి తోటలే నేలకొరిగిన రోజులు చూసినవాళ్ళకి, రాసి పెట్టుకున్న కాగితం విలువ ఏమిటో తెలుసు.

గుత్త మాట్లాడేటప్పుడు

కొనేవాడితో బేరం నోటి మాటగా వద్దు. ఒక కాగితం మీద రాయండి. మాను ఎంత ఎత్తు వదలాలి, మొదలు తవ్వకూడదు, చెత్త, మట్టలు ఏటిలో పడేయకూడదు, కూలీకి దెబ్బ తగిలితే ఎవరు చూసుకోవాలి, అన్నీ అందులో ఉండాలి. "మొదలు తవ్వకూడదు" అన్న ఒక్క మాట మా పెదనాన్నగారి కాగితంలో ఉంటే, మేము ఇప్పటికీ ఆ కొబ్బరి చెట్ల కాయలే కోసుకునేవాళ్ళం. ఆ మాట రాస్తే ధర కొంత తగ్గిస్తాడు. తగ్గనివ్వండి.

తీగలు దగ్గర ఉంటే లైన్‌మన్ ఎల్‌సీ తీసుకుని, అంటే లైనులో కరెంటు ఆపించాకే మనిషి చెట్టెక్కాలి. "పర్లేదండీ, తీగ దూరంగానే ఉంది" అన్న మాటకి లోబడకండి. పచ్చి కొబ్బరి మట్ట కరెంటుని బాగా లాగుతుంది.

కలప అడితికో, కోత మిల్లుకో వెళ్ళాలంటే చాలా జాతులకి అటవీ శాఖ రవాణా పర్మిట్ కావాలి. అది లారీలో ఉండాలి, మీ ఇంట్లో కాదు. ఇంకో మాట. వరదకి పైనుంచి కొట్టుకొచ్చిన దుంగలు పట్టుకుని ఒడ్డుకి చేర్చడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నదే. అలా కొట్టుకొచ్చిన కలప హక్కుదారు తేలేదాకా ప్రభుత్వానిదే. మీ చెట్టు కలపతో దాన్ని కలిపి లారీ ఎక్కిస్తే మొత్తం లోడు ఆగిపోతుంది.

ఎప్పుడు కొట్టాలి, వేరుని ఏం చేయాలి

ఏటి ఒడ్డున పని సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఏప్రిల్ లోపు ముగించండి. కాలువ పక్కన అయితే కాలువలు కట్టేసిన వేసవి రోజులు బాగుంటాయి. మాను నీళ్ళలో పడినా తీయొచ్చు. జూన్ వచ్చాక ఒడ్డున ఏ వేరూ కదపకండి.

ఏటి సహజ ఒడ్డున, వాలులో ఉన్న చెట్టుకైతే మోకాలెత్తు మొద్దు వదిలి, వేళ్ళని అలాగే ఉంచాలి. నిద్రగన్నేరు, కానుగ, చింత, నేరేడు మొద్దు నుంచి మళ్ళీ చిగురిస్తాయి. చిగురిస్తే వేరు బతికి ఉన్నట్టే, ఒడ్డు నిలిచినట్టే. రెండు మూడు చిగుళ్ళు ఉంచి మిగతావి తుంచేస్తే చెట్టు మీ అదుపులోనే ఉంటుంది. కొబ్బరి, తాడి అలా చిగురించవు. కొట్టిన కొన్నేళ్ళకి వేళ్ళు చీకిపోయి మట్టి వదులవుతుంది. అందుకే అలాంటి చెట్టు తీయాలనుకుంటే, ఒక వానాకాలం ముందే దాని పక్కన కొత్తవి నాటాలి. వాలులో వట్టివేరు అరడుగుకో దుబ్బు చొప్పున వరసలుగా పెడితే బాగా పట్టుకుంటుంది. దాని వేరు నిట్టనిలువుగా రెండు మూడు మీటర్లు దిగుతుంది. పైన వెదురు, కానుగ వేసుకోవచ్చు. ఉప్పునీటి పాయలైతే అటవీ శాఖ నర్సరీలో మడ మొక్కల గురించి అడగండి.

మట్టితో కట్టిన గట్టు మీద మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ వేరు వదిలేస్తే అది కుళ్ళి గట్టు లోపల సొరంగంలా మిగులుతుంది. వరదలో ఏటి వైపు నీళ్లు ఆ దారిలో దూరి ఊరి వైపు బుంగ పడుతుంది. బుంగ పెద్దదై గండి అవుతుంది. అందుకే గట్టు మీది మొదలు తవ్వే తీయాలి, ఎండాకాలంలోనే తీయాలి, గొయ్యిని జిగురు మట్టితో జానెడు జానెడు పొరలుగా నింపి, తడిపి, దిమ్మిస కొట్టాలి. ఇసుక పోస్తే పనికిరాదు. ఈ పని ఇంజనీర్ల ఆధ్వర్యంలో జరగాలి. జరుగుతున్నప్పుడు ఊళ్ళోవాళ్ళు ఇద్దరు దగ్గరుండి చూడాలి. ట్రాక్టరు ఇసుక తోసేసి వెళ్ళిపోతుంటే ఆపి అడిగే హక్కు ఆ గట్టు కింద పడుకునే వాళ్ళందరికీ ఉంది.

పని అయ్యాక ఫోటోలు తీసి, అనుమతి కాగితం, చలానా, పర్మిట్ నకలు, నాటిన మొక్కల ఫోటోలు ఒకే ఫైలులో పెట్టండి.

చెట్టు తీసిన ఏడాది ధవళేశ్వరంలో నీటిమట్టం 11.75 అడుగులు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చినప్పుడు, చెట్టు ఉన్నచోటికి పగటి పూట ఇంకొకరిని తోడు తీసుకుని వెళ్ళి గట్టు ఊరి వైపు కాలిబాట వెంట నడిచి చూడండి. చెమ్మ ఉంటే గుర్తుపెట్టుకోండి. తేట నీళ్లు ఊరుతుంటే ఏఈగారికి చెప్పండి. నీళ్ళతో పాటు మట్టి కలిసి బుడబుడా పైకి వస్తుంటే అక్కడ నిలబడకండి. వెంటనే ఫోన్ చేసి, ఇసుక బస్తాలతో ఊరిని పిలవండి.